మంచం కింది ఉరుము

చెంగల్రాయుడు తలుపు కొట్టాడు. ఎవరూ తెరవలేదు. మళ్లీ కొట్టాడు. లోపల కొండ విరిగి పడ్డట్టు చప్పుడైంది. వసారాలోని పిట్టగోడ మీద అతను పెట్టిన చెంబులో నీళ్లు వలయాలుగా కదిలాయి.

ఇక కొట్టలేదు. వసారా మూలకు వెళ్లి ఫ్యూజు పీకేశాడు.

అప్పుడు తెరుచుకుంది తలుపు. గుమ్మంలో ఒక అమ్మాయి. చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు. చేతిలో గేమ్ కంట్రోలర్.

"ఫ్యూజు పీకిందెవురు?"

"నేనే."

"తలుపు కొట్టల్సింది."

"కొట్టినా. లోపల యుద్ధం జరుగుతాండాది. యాడ వినపడతాది?"

"గెలిచే యుద్ధం. ఇంకొక్కడు మిగిలుండాడు. నీ వల్ల వాడు బతికిపోయినాడు."

"వాడు బతికితే బతకనీ. మా పురుగులు సస్తాయి. ఈ చెంబు సూడు. నువ్వు ఢమ్మనిపిస్తే నీళ్లు కదుల్తాండాయి. ఇదే గోడకు అవతల పట్టుపురుగుల షెడ్డు. అవి జొరానికి కూర్చోనుండాయి."

"పురుగులకు జొరమా? పారాసిటమాల్ ఇయ్యప్పా."

చెంగల్రాయుడు నవ్వలేదు. చర్మం విడిచే ముందు పట్టుపురుగు మేత మానేస్తుంది. తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. ఆ సమయంలో షెడ్డులో గట్టిగా తుమ్మినా తిట్లు పడతాయి. ఇదంతా అతను చెప్పాడు. అతని గొంతు పెద్దది, బరువైనది. బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఆమె అతని ముఖంలోకే చూస్తూ వింది.

"నీ పేరేంది?"

"చెంగల్రాయుడు."

"మీ తాత పేరు అడగలేదు."

"నాదే."

"పాపం. నేను జాస్మిన్. జొరం ఎప్పుడు తగ్గుతాది?"

"రేపు మద్యాన్నానికి. అంతవరకూ హెడ్‌ఫోన్ పెట్టుకోరాదా?"

"పెట్టుకోను."

"యాల?"

"నా ఇష్టం. రేపు మద్యాన్నం దాకా ఆపుతా. నీ కోసం కాదు, పురుగుల కోసం. మల్లా ఫ్యూజు ముట్టుకుంటే జొరం నీకొస్తాది."

తలుపు మూసుకుంది. మాట మీద నిలబడింది. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఆ గదిలోంచి చప్పుడు రాలేదు. మాట మీద నిలబడే మనుషులు తక్కువ. అది చెంగల్రాయుడు గమనించాడు.

* * *

పుంగనూరు చివర ఆ ఇల్లు సిద్దమ్మది. చెంగల్రాయుడి తల్లి. సగం ఇంట్లో తల్లీకొడుకులు. ఆనుకుని పురుగుల షెడ్డు. మిగతా సగం అద్దెకు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మేరమ్మ, ఆమె కూతురు జాస్మిన్ కొత్తగా దిగారు. జాస్మిన్ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మిగిలిన సమయంలో గేములాడుతుంది.

సిద్దమ్మకు అద్దె కావాలి. అద్దెకొచ్చిన మనుషులు అక్కర్లేదు. మేరమ్మ ఇంటి గ్లాసులో ఆమె మంచినీళ్లు తాగదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడక్కుండానే అందరికీ తెలిసే కారణాలు ఊళ్లలో ఉంటాయి.

జాస్మిన్ ఆట చప్పుడు వల్ల మదనపల్లెలో ఒక అద్దె ఇల్లు పోయింది. ఈ ఊళ్లోనే ఇంకొకటి పోయింది.

"ఇది కూడా పోతే నీ ఆటకు ఇంకో ఇల్లు నేను ఎతకను," అంది మేరమ్మ. "కుప్పంలో మీ మామ ఇంట్లో పడుందాం. ఆడ నీ డబ్బా మోగితే మీ అత్త నిన్ను గంపకింద కోడిపిల్ల మాదిరి మూసిపెడతాది."

"ఈసారి ఇల్లు పోదు. ఆట కూడా పోదు."

"రెండూ ఎట్లుంటాయే?"

"చూస్తాండు."

* * *

మదనపల్లె నుంచి పుంగనూరుకు తిరిగొచ్చే బస్సులో చెంగల్రాయుడికి కిటికీ పక్క సీటు దొరికింది. కాళ్ల దగ్గర బ్లీచింగ్ పౌడరు సంచి. బస్సు కదిలాక పక్కన ఎవరో కూలబడ్డారు. ఒళ్లో పెద్ద అట్టపెట్టె.

"తాతయ్యా, జరుగు."

జాస్మిన్. అతను జరిగాడు. అప్పుడే వాన మొదలైంది. కిటికీ అద్దం పైకి రాలేదు. వాన నేరుగా అతని మీదే పడింది.

"ఇట్ల జరుగు. తడుస్తాండావు."

"జరిగితే నీ పెట్టె తడుస్తాది."

"అయితే గమ్మున తడువు," అంది. అన్నాక తన చున్నీ కొసతో పెట్టెను కప్పి, మిగతా చున్నీ అతని భుజం మీద పడేసింది. తర్వాత ఊరొచ్చేదాకా ముందు సీటు రేకు వైపే చూసింది. అతనూ దాన్నే చూశాడు. ఆ రేకులో చూడ్డానికి ఏమీ లేదు.

"పెట్టెలో ఏముండాది?" అని చివరికి అడిగాడు.

"బేస్ షేకర్. కార్లకు సౌండు బిగించే అంగట్లో కొన్యా. స్పీకర్ మాదిరే, కానీ అరవదు. దేనికి బిగిస్తే దాన్ని వణికిస్తాది. మంచానికి బిగిస్తా. బాంబు పడితే నా వీపుకు తెలుస్తాది, మీ గోడకు తెలీదు."

"మంచం కాళ్లు నేల మీద కదా ఉండేది? వణుకు నేలలోకి పోతాది. నేల నుంచి గోడకు."

ఆమె తల తిప్పి చూసింది.

"మరేం చెయ్యల్ల?"

అతను ఆలోచించాడు. బస్సు పుంగనూరు చేరేదాకా ఆలోచించాడు.

* * *

పురుగుల స్టాండ్లకు చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్లు పోసిన రాతిగిన్నెలు పెడతారు. పాత గిన్నెలు నాలుగు చెంగల్రాయుడు తెచ్చాడు. వాటిలో నీళ్లకు బదులు ట్రాక్టర్ ట్యూబు ముక్కలు దొంతరగా కుక్కాడు. ఇనప మంచం కాళ్లు ఆ రబ్బరు మీద పెట్టారు. మంచం కింద షేకర్‌ను జాస్మిన్ తనే బోల్టులతో బిగించింది. అతను స్పానర్ అందుకోబోతే చేతి మీద కొట్టింది.

"నువ్వు పురుగులు సాకు. బోల్టు నాకు ఇడువు."

"ఒక్క మాట అడుగుతా, కోప్పడగూడదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పోయేదానికి ఇంత యాతన యాల?"

ఆమె బోల్టు పూర్తిగా బిగించింది. లేచి నిలబడింది. చెవి మీది జుట్టు పక్కకు తీసింది. చెవి వెనక చిన్న మిషన్.

"చిన్నప్పుడు జొరమొచ్చింది. మీ పురుగులకు జొరం తగ్గితే కొత్త చర్మం వస్తాది. నాకు చెవులు పోయినాయి. పూర్తిగా కాదు. సన్న శబ్దాలు పోయినాయి. పిట్టలు, గాజులు, వాన చినుకులు. లావు శబ్దాలు మిగిలినాయి. హెడ్‌ఫోన్ పెడితే మిషన్ కీచుమంటాది. ఆటలో మా టీమ్‌లో అందరికీ చెవిలో తెలిసే అడుగుల చప్పుడు నాకు వీపులో తెలియల్ల. మనుషుల మాటలు సగం వింటా, సగం పెదాలు చూసి పట్టుకుంటా."

చెంగల్రాయుడు నోరు తెరిచాడు.

"పాపం అన్యావంటే స్పానర్‌తో కొడతా."

"పాపం అనలా. నా మాట కూడా సగమే వినపడతాదా అని అడగబోయినా."

ఆమె స్పానర్ కింద పెట్టింది.

"నీది పూర్తిగా వినపడతాది. ఊళ్లో ఎవురికీ ఇంత బేస్ లేదు."

ఎర్రబడ్డాడో లేదో తెలియదు. ఎండలో ఆకు కోసే మనిషి ముఖంలో అది కనిపించదు. మాట మార్చాడు.

"కడా జొరం, అంటే ఆఖరిది, దాటినాక పురుగులు ఆకు మేస్తాయి సూడు, షెడ్డంతా వాన పడినట్ల ఉంటాది."

"అది నేనెప్పుడూ వినలేదు," అంది. మామూలుగానే అంది.

ఆమె తన స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి పిట్టగోడ మీద పెట్టింది. లోపలికెళ్లి మంచమెక్కి ఆట మొదలుపెట్టింది. ఆటలో వంతెన కూలింది. ట్యాంకు పేలింది. చెంగల్రాయుడు గ్లాసు మీదికి వంగి చూశాడు. నీళ్లు కదల్లేదు.

సిద్దమ్మ తన గుమ్మంలోంచి చూస్తోంది.

"నువ్వూ సూడుమా," అన్నాడు కొడుకు.

"ఆ గ్లాసు నేను ముట్టుకోను," అని లోపలికెళ్లిపోయింది.

* * *

ఆ తర్వాత కొన్నాళ్లు బాగా గడిచాయి. పొద్దున ఆకు మోపుతో వచ్చేటప్పుడు అతను కిటికీ దగ్గర ఆగేవాడు. "యుద్ధం గెలిచినావా?" అనేవాడు. "నీ పురుగులు గెలిచినాయా?" అనేది. మేరమ్మ లోపలి నుంచి దగ్గేది. అంతే. దానికే వీధిలో నలుగురు ముఖాలు చిట్లించారు.

ఒక ఉదయం పురుగులు చచ్చాయి.

తట్టలనిండా చచ్చాయి. చావనివి తలలు ఊపుతూ ఆకుపచ్చగా కక్కుతున్నాయి. సిద్దమ్మ వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. జనం పోగయ్యారు. ఆమె తమ్ముడు శ్రీనివాసులు కూడా వచ్చాడు. పురుగుల మేతకు వీళ్లు పెంచే మల్బరీ తోట పక్కన టమోటా వేసింది అతనే.

"ఈయమ్మ ఆట! ఈయమ్మ ఢమఢమలు!" సిద్దమ్మ జాస్మిన్‌ను వేలెత్తి చూపింది. "గోడ అదిరి అదిరి నా పురుగులు గుండె పగిలి సచ్చిపోయినాయి!"

"గోడ అదరలేదు పెద్దమ్మా. మీ కొడుకే చూసినాడు. అడుగు."

అందరూ చెంగల్రాయుడి వైపు తిరిగారు.

అతను షెడ్డు తలుపు దగ్గర తల్లి పక్కనే నిలబడ్డాడు. వంగి ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె పళ్ల బిగువున ఏదో జవాబిచ్చింది. ఆ గోలలో వాళ్ల మాటలు ఎవరికీ వినపడలేదు.

జాస్మిన్‌కు వినాల్సిన పని లేదు. వసారా ఇవతల నుంచి ఇద్దరి పెదాలూ చూసింది.

అతను అన్నది: "ఇది మందుమా. మామ టమోటాకు మందు కొట్టినాడు. గాలికి మన ఆకు మీద పడింది."

ఆమె అన్నది: "తెలుసు. నోరు మూసుకో."

చెంగల్రాయుడు నోరు మూసుకున్నాడు. ఊళ్లో అందరికంటే పెద్ద గొంతు. మూసుకున్నాడు.

"ఆదివారంలోపు ఖాళీ చెయ్యండి," అంది సిద్దమ్మ.

జనం వెళ్లాక జాస్మిన్ అతని దగ్గరికొచ్చింది.

"మందు అన్యావు."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీకెట్ల..."

"నీ గొంతు లేకపోయినా నీ మాట నాకు తెలుస్తాది. నీకు తెలుసు. మీ అమ్మకు తెలుసు. తెలిసీ నన్ను నిలబెట్టినారు."

"ఆయన మామ. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. రవ్వంత టైమియ్యి, నేను మెల్లగా..."

"మెల్లగా చెప్పేది నాకు వినపడదప్పా. నాకు చెవులు లేవు కదా."

ఆమె ఏడవలేదు. లోపలికెళ్లి తాళం తెచ్చింది.

"మా అమ్మను తీసుకోని కుప్పం పోతాండా. సిగ్గుతో ఆమె ఇంటి బయటికి రాలేకుండా ఉండాది. కానీ ఇల్లు ఖాళీ చెయ్యను. అద్దె కట్టినాం, కడతాం. మంచం ఈడే ఉంటాది. నువ్వు నోరు తెరిచిన దినం వస్తా. తెరవకపోతే ఆ తాళం అట్లే తుప్పు పడతాది."

* * *

కుప్పంలో మేరమ్మ తమ్ముడి ఇల్లు రైలుకట్ట దగ్గర. గూడ్సు బండి పోతే మంచం వణికేది. కొన్నాళ్లు జాస్మిన్‌కు అదే బేస్. అత్త మాటలు సగమే వినపడేవి. అది ఒక లాభం.

పుంగనూరులో చెంగల్రాయుడు కొత్త పురుగులు తెచ్చాడు. తోటలో శ్రీనివాసులు టమోటాకు దగ్గరున్న సాళ్ల ఆకు ముట్టుకోలేదు. దూరపు సాళ్ల నుంచే కోశాడు. తల్లి అదేమని అడగలేదు. తెలిసినవాళ్లు అడగరు.

టీ అంగడి దగ్గర శ్రీనివాసులు నలుగురికి చెబుతున్నాడు. "ఆ కిరస్తానం పిల్ల ఆటకు మా అక్క పంట పోయింది. ఎల్లగొట్టినాం, ఇప్పుడు పురుగులు సుఖంగా ఉండాయి."

చెంగల్రాయుడు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"కాదు మామా. నీ మందుకు పోయింది."

శ్రీనివాసులు నవ్వబోయాడు. "గమ్మున ఉండరా."

"ఉండినా. గమ్మునున్యా కాబట్టే ఒకరిని ఊరొదిలి పంపినాం." అతని గొంతు పైకి లేచింది. రోడ్డవతల ఆగిన బస్సులో జనం కిటికీల్లోంచి తొంగిచూశారు. "గాలి మా తోటకు కొడతాండాదని తెలిసీ మందు కొట్టినావు. పురుగులు పచ్చగా కక్కుకోని సచ్చినాయి. పురుగులు సాకే ప్రతోడికీ అది మందని తెలుసు. మా అమ్మకూ తెలుసు. నాకూ తెలుసు. జాస్మిన్ తప్పు ఏమీ లేదు."

"ఆడదాని కోసరం మేనమామను నడిబజార్లో పెడతావా?"

"సచ్చింది నా పురుగులు మామా. ఆమె కోసరమే అనుకుంటే అట్లే అనుకో. అదీ నిజమే."

ఇంటికెళ్లి అవే మాటలు తల్లికీ చెప్పాడు. సిద్దమ్మ ఆ రోజు నుంచి మాట్లాడ్డం మానేసింది. సంగటి పెట్టేది, గిన్నె తోసేది, పోయేది. అతను తినేవాడు. బతిమాలలేదు.

* * *

"ఎవురి ముందర చెప్పినావు?" అంది జాస్మిన్. నోరు తెరిచానని చెప్పడానికి వచ్చిన చెంగల్రాయుడికి కుప్పంలో తన మామ ఇంటి గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి, లోపలికి రమ్మనకుండా.

"టీ అంగడి కాడ. బస్సులో జనం కూడా విన్యారు."

"మీ అమ్మ?"

"మాట్లాడ్డం మానేసింది."

"నాకేమన్నా చెప్పల్సింది ఉండాదా?"

చెంగల్రాయుడు చెప్పులకేసి చూశాడు.

"తల పైకెత్తు. పెదాలు కనపడల్ల."

"నువ్వంటే నాకిష్టం."

"మల్లా చెప్పు."

"వినపడలేదా?"

"వినపడింది. మల్లా చెప్పు."

చెప్పాడు. ఈసారి లోపల అత్తకూ వినపడింది. పక్కింటికి కూడా. జాస్మిన్ నవ్వింది. ఇన్నాళ్లకు.

వెనకనుంచి మేరమ్మ వచ్చింది. చేతిలో నీళ్ల గ్లాసు. అతను అందుకుని గడగడా తాగేశాడు.

"నువ్వు తాగితే సరిపోదు నాయనా," అంది మేరమ్మ. "మీ అమ్మ మా ఇంటి గ్లాసు ముట్టుకోదు. అట్లాంటి ఇంట్లో నా బిడ్డ ఏం తాగి బతకల్ల?"

అతను లేని జవాబు అల్లలేదు. అది మేరమ్మకు నచ్చింది, పైకి చెప్పలేదు.

"పదమ్మా," అంది జాస్మిన్. "నేను కోడలి మాదిరి పోవడంలేదు. అద్దె కట్టినోళ్ల మాదిరి పోతాండాం."

* * *

తాళం తీస్తుంటే సిద్దమ్మ వసారాలోకి వచ్చింది. పలకరించలేదు. పొమ్మనీ అనలేదు. కొడుకు బజార్లో అరిచాక ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు.

జాస్మిన్ చేతిసంచిలోంచి తన స్టీలు గ్లాసు తీసింది. తాము పట్టుకునే వీధి కుళాయి నీళ్లు నిండా పోసి పిట్టగోడ మీద, సిద్దమ్మ ముందే పెట్టింది.

"పెద్దమ్మా, ఇప్పుడు లోపలికి పోయి సౌండు ఫుల్లుగా పెడతా. నువ్వే చూడు. ఈ నీళ్లు కదిలితే సామానెత్తుకోని పోతా. కదలకపోతే ఈడే ఉంటా, ఆడుకుంటా. నీ కొడుకును కూడా చేసుకుంటా. ముందే చెప్తాండా."

లోపలికెళ్లి మంచం మీద పడుకుంది. చెంగల్రాయుడు తన ఫోనును మంచం కింది షేకర్‌ను నడిపే ఆంప్లిఫయర్‌కు తగిలించాడు.

"గేమ్ పెట్టప్పా. ఇదేంది?"

"గమ్మున పడుకో."

ఏదో మొదలైంది. వీపు కింద ఎక్కడో దూరంగా. తర్వాత దగ్గరగా. వేలవేల బరువైన చుక్కలు ఒక్కొక్కటిగా, మళ్లీ అన్నీ కలిసి, భుజాల కింద, నడుం కింద, అరికాళ్ల దాకా పడుతున్నాయి. ఏ గేములోనూ అలాంటిది ఆమెకు తగల్లేదు. చెవి మిషన్ తీసి పక్కన పెట్టింది. అయినా అది ఆగలేదు.

కళ్లు తెరిచి అతని పెదాల వైపు చూసింది.

"వాన మాదిరి ఉండాది. ఏంది ఇది?"

"మా పురుగులు. కడా జొరం దాటి ఆకు మేస్తాండాయి. ఫోన్లో రికార్డు చేసి స్పీడు తగ్గించినా. తగ్గిస్తే సౌండు లావవుతాది. నీకు వినపడేంత లావు చేసినా."

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. ముఖం తిప్పుకుంటే అతని పెదాలు కనపడవు. అయినా మిషన్ లేకుండానే అతని మాట ఆమెకు వినపడుతుంది. అతనికి అది తెలుసు.

"ఇంకా పెంచు," అంది గోడతో.

పెంచాడు. మంచం ఇనుము మొత్తం వానయింది.

బయట చప్పుడు లేదు. చాలాసేపటికి జాస్మిన్ లేచి మిషన్ పెట్టుకుని తలుపు తీసింది.

మేరమ్మ వసారాలో కూర్చుని ఉంది, కదలకుండా. పిట్టగోడ మీద గ్లాసు ఖాళీగా ఉంది.

సిద్దమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటోంది.

"మీ నీళ్లు ఉప్పగా ఉండాయి," అంది ఎటో చూస్తూ. "రేపట్నుంచి మా బోరు కాడ పట్టుకోండి."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తమ్ముడి గురించి, మందు గురించి, చచ్చిన పురుగుల గురించి. క్షమించమని ఆమె అడగలేదు. జాస్మిన్ క్షమించనూ లేదు.

గ్లాసు తీసి మళ్లీ నింపింది. తెచ్చి సిద్దమ్మ చేతికే ఇచ్చింది.